మర్యాద తెలిసిన కెమెరా

ఆళ్లగడ్డలో ఒక నల్లరాతి అమ్మవారు నవ్వి, తన ఫోటో తానే తీసుకుంది. ఆ సమయంలో నేను అక్కడే ఉన్నాను.

తీసుకుంది అంటే చేయి చాపి మీట నొక్కిందని కాదు. అమ్మవారు నవ్వింది, కెమెరా దానంతట అదే టక్కుమంది. నవ్వింది అని కూడా గట్టిగా చెప్పలేను. ఆ క్షణంలో నేను కళ్లు మూసుకుని ఉన్నాను. మూసుకోమని చెప్పింది ఓబులాచారి. నేను అక్కడ ఉన్నానన్నది మాత్రం నిజం. చిన్నప్పుడు నంద్యాల కాన్వెంటులో అబద్ధం చెప్పిన ప్రతిసారీ సిస్టర్ ఎలిజబెత్ నన్ను మోకాళ్ల మీద నిలబెట్టేది. ఈ వయసులో కూడా నా మోకాళ్లు ఇంత గట్టిగా ఉన్నాయంటే ఆ సాధన వల్లే.

ఓబులాచారి శిల్పి. ఆళ్లగడ్డలో బస్సు దిగి నడిస్తే రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు సగం పుట్టిన దేవుళ్లు, ఉలి చప్పుళ్లు, రాయి కోసే మిషన్ల గోల. ఆ షెడ్లలో చివరిది ఓబులాచారిది. పొట్టి మనిషి. కనుబొమల దాకా రాతిపొడి. ముప్పై ఏళ్లప్పుడే ఆ పొడి వల్ల ముసలివాడిలా కనిపించేవాడు. ఇప్పుడు యాభై దాటాయి, స్నానం చేసి వస్తే కొత్త పెళ్లికొడుకులా ఉంటాడు. ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ మాత్రం ఈ రెండో మాట ఒప్పుకోదు.

ఓబులాచారికి మాట చాలా తక్కువ. పెళ్లిచూపులకు వెళ్లిన రోజు పిల్లను ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి చూసి, "ముక్కు బాగా కుదిరిండాది" అని లేచి వచ్చేశాడట. ఆ ఒక్క మాటకు పిల్ల తరఫువాళ్లు వారం రోజులు అర్థం వెతుక్కున్నారని వెంకటలక్ష్మమ్మ చెబుతుంది.

చాలా ఏళ్లు ఆయన అన్న షెడ్డులోనే పనిచేశాడు. సింహాలు, ఏనుగులు, నందులు, గేటు స్తంభాలు ఆయనవి. దేవుళ్ల ముఖాలు మాత్రం అన్నవి. తమ్ముడు భుజాల దాకా చెక్కి పక్కకు జరిగితే, అన్న వచ్చి ముఖం చెక్కేవాడు. ఆ ఇంట్లో అది ఆచారం, ఎవరూ తప్పుపట్టలేదు. కానీ తలలేని దేవుళ్లను చెక్కీ చెక్కీ ఓబులాచారికి ఒక రోజు విసుగొచ్చింది. వేరుపడి సొంత షెడ్డు వేసుకున్నాడు.

మా ఇద్దరికీ పరిచయం కావడానికి కారణం ఇంగ్లీషు ఉత్తరాలు. నేను నంద్యాలలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక అదే గదిలో ఇంటర్నెట్ పెట్టాను. బెంగళూరు నుంచీ బళ్లారి నుంచీ రాతి సింహాలు కావాలని అడిగేవాళ్లు ఉండేవారు. వాళ్లకు ఓబులాచారి తరఫున నేను జవాబులు రాసేవాణ్ణి. నేను రాసిన ఇంగ్లీషుకు సింహాలు అసలు కంటే ఒక అడుగు ఎత్తు పెరిగేవి. అందుకే వాళ్లు ఫోటోలు పంపమనడం మొదలుపెట్టారు.

ఫోటోగ్రాఫర్‌ను పిలిస్తే పెళ్లిళ్ల కాలంలో రాడు. వచ్చినవాడు అలవాటు కొద్దీ నందిని కూడా గడ్డం కొంచెం పైకెత్తమంటాడు. ఫోన్లన్నీ ఇంకా బటన్లతో ఉన్న రోజులవి. అప్పటికే నేను ఒక చిన్న డిజిటల్ కెమెరా కొనుక్కుని ఉన్నాను. అంగట్లో ఉన్నవాటిలో చవకది, చొక్కా జేబులో పట్టేది. అదే రకం ఓబులాచారి చేత కూడా కొనిపించాను. నాది వెండి రంగు, ఆయనది ఎరుపు.

ఒకే కెమెరా గురించి ఇద్దరు మనుషులు ఇంత వేరుగా మాట్లాడటం నేను మళ్లీ ఎక్కడా వినలేదు.

నన్నడిగితే అది కెమెరా కాదు, ఒక బద్ధకస్తుడు. మీట నొక్కాక కాసేపు ఆలోచించి అప్పుడు ఫోటో తీస్తుంది. ఈ లోపల మా మనవరాలు జాహ్నవి గెంతి పక్క గదిలోకి పోయేది. ఆ పిల్ల పుట్టినరోజులన్నిటికీ నా దగ్గర ఖాళీ నేల ఫోటోలు ఉన్నాయి. పైగా పెన్సిల్ సెల్లులను వేరుశనక్కాయల్లా నమిలేస్తుంది. ఎండలో తెర మీద మన ముఖం తప్ప ఏమీ కనిపించదు. మహానంది కోనేరు దగ్గర తీశాననుకుని ఒకసారి ఇంటికొచ్చి చూసుకుంటే, అందులో ఉన్నది నా బొటనవేలు.

ఓబులాచారికి ఇవేవీ లోపాలుగా కనిపించలేదు.

"నిదానంగా తీస్తాది అంటాండావు. నా రాళ్లు యాడికీ పోవు గదా సార్. తీసుకోనీ" అనేవాడు.

"మరి సెల్లులు?"

"పని చేసేది తినదా?"

మెరుపు లైటు మాత్రం మొదటి రోజే ఆపేశాడు. ఆ వెలుగు పడితే నల్లరాయి బూడిద పూసినట్లు తెల్లబోతుందని ఆయన బాధ. పొడి దూరకుండా వెంకటలక్ష్మమ్మ జాకెట్ ముక్కతో ఒక సంచి కుట్టింది. ఆమె అభిప్రాయం వేరే ఉంది. "నన్ను పెండ్లయినప్పట్నుంచీ ఇంత జాగ్రత్తగా చూసుకోల్యా" అంటుంది.

ఆ కెమెరా మీద ఒక చిన్న చక్రం ఉంటుంది. దాని చుట్టూ బొమ్మలు. ఒక పువ్వు, ఒక కొండ, పరుగెత్తే మనిషి, నవ్వుతున్న ముఖం. దేన్ని ఎందుకు వాడాలో డబ్బాలో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో రాసి ఉంది. ఓబులాచారికి పుస్తకం అవసరం రాలేదు. ఆయన పనిలో ఏ రూపానికి ఆ కొలత వేరు. దేవుడి కొలతతో సింహాన్ని చెక్కరు, సింహం కొలతతో ద్వారపాలకుణ్ణి చెక్కరు. కెమెరా చేసినవాడు కూడా శిల్పశాస్త్రం తెలిసినవాడే అనుకున్నాడు ఆయన. పువ్వు బొమ్మ పీఠం మీది లతలకు, పద్మాలకు. పరుగెత్తే మనిషి గుర్రాలకు, సింహాలకు. కొండ ఎత్తయిన స్తంభాలకు. ముఖం బొమ్మ అమ్మవార్లకు, అయ్యవార్లకు.

ఒకసారి నేను ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు ఆయన ఆ కెమెరాను రెండు చేతులతో పట్టుకుని నాకు చూపించాడు.

"ఇది మర్యాద తెల్సింది సార్."

"ఏం చేసింది?"

"ముఖం బొమ్మ పెట్టి, కండ్లు తెరవని విగ్రహం ముందర మీట నొక్కినా. తీయల్యా. ఎంతసేపు పట్టుకున్నా ఉలుకూ ల్యా, పలుకూ ల్యా. కండ్లు తెరవని మూర్తిని తీయగూడదని దానికి తెల్సు."

నేను ఆ పుస్తకం చదివినవాణ్ణి. ఆ బొమ్మ మీద పెట్టి మీట నొక్కితే కెమెరా కాచుకుని కూర్చుంటుంది. ఎదురుగా ముఖం కనపడాలి, ఆ ముఖం నవ్వాలి. అప్పుడు తానే టక్కుమంటుంది. ఈ సంగతి చెబుదామని నోరు తెరిచాను. అప్పుడే వెంకటలక్ష్మమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. తెరిచిన నోటిని వృథా చేయలేదు.

ఆ కళ్లు తెరవని విగ్రహమే ఓబులాచారికి వచ్చిన మొదటి అమ్మవారు. కోయిలకుంట్ల పక్కన ఒక ఊళ్లో సుంకులమ్మ గుడి కొత్తగా కట్టుకున్నారు. ఆ ఊళ్లో సగంమందికి అమ్మవారి పేరే. సుంకన్నలు, సుంకమ్మలు. గుడి పనులు చూసే పెద్దమనిషి పేరు సుంకిరెడ్డి. శనగ పండించే రైతు, ఆరడుగుల మనిషి. ఆయన నవ్వితే శనగకు ధర వచ్చిందని ఊరు అర్థం చేసుకునేదట. అది చాలాకాలంగా జరగలేదు.

ఓబులాచారి ఆ ముఖం మీద పెట్టిన కష్టం నాకు తెలుసు. పెదవి చివర వడ్లగింజంత పైకి లేపాడు. నవ్వీ నవ్వనట్టు ఉంటుంది. సాయంత్రం ఎండలో ఒకలా, పొద్దున నీడలో ఇంకోలా ఉంటుంది.

"ఈయన్తో చచ్చిపోతాండా సార్" అంది వెంకటలక్ష్మమ్మ. "నేను ఎప్పుడు నవ్వినా ఉలి పక్కన పెట్టి నా మొగంలోకి చూస్తాండాడు. వంట చేస్తాంటే చూస్తాడు, పక్కింటామెతో మాట్లాడతాంటే చూస్తాడు. నవ్వేదే మానుకున్నా."

"మానుకుంటే పనెట్ల అవుతాది?" అన్నాడు ఓబులాచారి.

విగ్రహం పూర్తవుతోందని తెలిసి సుంకిరెడ్డి చూడటానికి వచ్చాడు. అప్పటికి కళ్లు తెరవలేదు. కళ్లు తెరవడమనేది చిట్టచివరి పని. మంచి ఘడియ చూసి చేస్తారు. అంతవరకూ కళ్లున్నచోట నున్నటి ఉబ్బు తప్ప ఏమీ ఉండదు. కళ్లు లేకుండా పెదవులు మాత్రమే నవ్వుతుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. సుంకిరెడ్డి నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏందీ ఆచారీ, అమ్మ మమ్మల్ని ఎక్కిరిస్తాంది?"

"ఎక్కిరింపు కాదు రెడ్డీ. నవ్వు."

"నవ్వేదానికి మా ఊర్లో ఏముండాది? కాపలా ఉండాల్సిన తల్లి. పాతమ్మ ఎట్లుండె? పటపటా పండ్లు కొరుకుతాండె. సూస్తే పిల్లోళ్లు జడుసుకుంటాండ్రి."

"పాతమ్మ అరిగిపోయి మొగమే ల్యా. పండ్లు యాడ చూసినావు?"

"మాకు తెల్సు గదప్పా, మా అమ్మ."

ఓబులాచారి చేతిలోని ఉలిని ఒకసారి తిప్పి చూసి కింద పెట్టాడు. "కండ్లు తెరిచినాంక చూడు."

"తెరిచినాంక గూడా ఇట్లే ఉంటే?"

"తీసకపోవద్దు. ఈడనే పెట్టుకుంటా."

ఆ మాట అన్నంత తేలిక కాదు. కళ్లు తెరిచాక ఆ ముఖం మీద మళ్లీ ఉలి పెట్టకూడదు. ఒక ఊరు వద్దన్న అమ్మను ఇంకో ఊరు తీసుకోదు. ఆ విగ్రహం షెడ్డులోనే ఉండిపోతే, వచ్చినవాళ్లందరికీ అదే మొదట కనిపిస్తుంది. ముఖం చెక్కడం ఈయనకు చేతకాదని ఆళ్లగడ్డంతా అనుకుంటుంది. ఓబులాచారి మళ్లీ సింహాలకు, గేటు స్తంభాలకు పోవాలి. అన్న షెడ్డు నుంచి ఒక మాట కూడా రాకపోవచ్చు. రాకపోతే అది ఇంకా కష్టం.

ఘడియ పొద్దున్నే కుదిరింది. నేను నంద్యాల నుంచి మొదటి బస్సుకే వెళ్లాను.

కొత్తగా తెరిచిన కళ్ల తొలిచూపు చాలా తీక్షణంగా ఉంటుందంటారు. అందుకే ఆ సమయంలో విగ్రహానికి ఎదురుగా ఎవరూ నిలబడరు. ఎదురుగా ఒక అద్దం పెడతారు. అమ్మ మొదట తన్ను తానే చూసుకుంటుంది, ఆ తర్వాతే మనల్ని. శిల్పి పక్కన నిలబడి పని చేస్తాడు. మిగతావాళ్లు విగ్రహం వెనక.

ఫోటో తీయాలని ఓబులాచారికి కోరిక. కెమెరాను అద్దం పక్కన పెడదామని నేను అన్నాను.

"యంత్రమైనా దానికీ కన్నుండాది గదా సార్. ఎదురుగా పెట్టగూడదు" అన్నాడు. కెమెరాను కూడా మాతోపాటు వెనక్కి తెచ్చి, ఒక స్తంభం ముక్క మీద నిలబెట్టి, అమ్మ భుజం పక్కగా అద్దం వైపు తిప్పాడు. అద్దంలో అమ్మ ముఖం పడుతుంది, ఆ ముఖాన్ని ఇది తీస్తుంది. అమ్మవారి ఫోటో కాబట్టి చక్రం ముఖం బొమ్మ మీదికి తిప్పాడు. మీట ఒకసారి నొక్కి, "ఇంగ దానిష్టం" అన్నాడు.

విగ్రహం వెనక నేను, వెంకటలక్ష్మమ్మ, సుంకిరెడ్డి. తాను చెప్పేదాకా అందరినీ కళ్లు మూసుకోమన్నాడు ఓబులాచారి. మూసుకున్నాం. చిన్న ఉలి చప్పుడు, గోరుతో పలక మీద తట్టినంత. ఆగింది. మళ్లీ తట్టింది. బంగారు సూదితో రెండు కళ్లనూ తాకుతున్నాడని వెంకటలక్ష్మమ్మ నా పక్కన గొణిగింది. ఆమె కళ్లు మూసుకుందో లేదో నాకు అనుమానమే. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. ఓబులాచారి ఇంకా తెరవమని చెప్పలేదు.

కెమెరా టక్కుమంది.

అందరం కళ్లు తెరిచాం. సుంకిరెడ్డి తప్ప. ఎందుకంటే ఆయన కళ్లు అప్పటికే తెరిచి ఉన్నాయి, మెడ చాపి అద్దంలోకి చూస్తున్నాడు. మేము చూడగానే ముఖం మామూలుగా చేసుకుని చొక్కా గుండీ సర్దుకున్నాడు.

కెమెరాను నీడలోకి తీసుకుపోయి అగ్గిపెట్టెంత తెర మీద నాలుగు తలలూ ఒకేసారి వంచాం. తలలు కొట్టుకున్నాయి. ఫోటోలో అద్దం ఉంది. అద్దంలో నూనె మెరుపుతో సుంకులమ్మ. కళ్లు వచ్చాక ఆ పెదవులకు అర్థం వచ్చింది. ఇంట్లో అందరూ అన్నం తిన్నారని తెలుసుకున్న తల్లి ముఖంలా ఉంది. ఆమె ఎడమ భుజం పైన సుంకిరెడ్డి తల. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"నేను నవ్వల్యా" అన్నాడు సుంకిరెడ్డి.

"మరి ఈ పండ్లు ఎవురివన్నా?" అంది వెంకటలక్ష్మమ్మ. "కట్టించుకున్న పన్ను గూడా పడిండాది చూడు."

"ఎండకు మొగం అట్ల ముడుచుకోనుంటాది."

"నీడలో ఎండ యాడిది?"

ఇక నేను పుస్తకంలో ఉన్న సంగతి చెప్పక తప్పలేదు. ఎవరో ఒకరు నవ్వితే తప్ప ఈ కెమెరా తీయదు. నవ్విన ముఖం మీద పసుపు రంగు చదరం ఒకటి వెలుగుతుంది. కానీ ఆ చదరం ఫోటోలో మిగలదు. ఆ కెమెరా మీద నాకున్న ఫిర్యాదులన్నిటిలో పెద్దది ఇదే. ఆ చదరం మిగిలి ఉంటే నేను ఇన్నేళ్లు ఇందరికి ఈ కథ ఇన్ని రకాలుగా చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

ఓబులాచారి నా వైపు చూశాడు. "నవ్వితేనే తీస్తాదా?"

"అవును."

"ఇంతకాలం చెప్పల్యానే నువ్వు."

"ఉగ్గాని పెట్టారు కదా" అన్నాను.

వెంకటలక్ష్మమ్మ నడుముకు కొంగు చుట్టింది. "చూడన్నా. నువ్వు నవ్వింటే అమ్మ మొగం నీకు నచ్చినట్లే. నువ్వు నవ్వల్యా అంటే ఇంగ మిగిలింది అమ్మనే. కండ్లు తెరిచీ తెరవంగానే నిన్ను వెనకమాల చూసి నవ్విండాది. ఆయమ్మను ఈడ వదిలిపెట్టి ఊర్లోకి ఏం మొగం పెట్టుకోని పోతావు?"

సుంకిరెడ్డి ముందుకు వచ్చి, ఇప్పుడు ఎదురుగా నిలబడి, అమ్మను చూశాడు. ఓబులాచారి చేతులు పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు, తుడవడానికి ఏమీ లేకపోయినా. ఆయన పెదవి చివర కూడా వడ్లగింజంత కదలికైనా లేదు.

"పాతమ్మ కంటే బాగుండాది" అన్నాడు చివరికి సుంకిరెడ్డి. "పిల్లోళ్లు జడుసుకోరు. ట్రాక్టర్ ఎప్పుడు పంపాల?"

ఓబులాచారి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగాడు. అంతే.

పోతూ పోతూ సుంకిరెడ్డి నన్ను పక్కకు పిలిచాడు. "సార్, ఆ ఫోటో మా ఊరోళ్లకు చూపించొద్దు. నన్ను చూసి శనగలు అమ్మేసుకుంటారు."

ట్రాక్టర్ వచ్చింది. మెత్తగా ఉండాలని కింద వరిగడ్డి పరిచి, కొత్త చీర చుట్టి, అమ్మను ఎక్కించారు. కోయిలకుంట్ల రోడ్డు మలుపు దాకా ఓబులాచారి వెనక నడిచాడు. అప్పటి నుంచి ఆ షెడ్డుకు వరుసగా అమ్మవార్లే వచ్చారు. అందరికీ పెదవి చివర అదే వడ్లగింజ. ఒక పండుగకు ఆయన అన్న కూడా వచ్చి, ఒక ముఖాన్ని ముందు నుంచి, పక్క నుంచి చూసి, ఏమీ అనకుండా పోయాడు. ఆ రోజు ఓబులాచారి బజ్జీలు రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. నా వెండి కెమెరా ఎప్పుడో పోయింది. జాహ్నవి పరుగులు ఆపే వయసుకు వచ్చేసరికి దాని పరుగు ఆగిపోయింది. ఆయన ఎర్ర కెమెరా మాత్రం ఇంకా బతికే ఉంది. సెల్లుల మూత రబ్బరు బ్యాండుతో నిలబడుతుంది. దాని రంగు ఎరుపని ఇప్పుడు ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

ఇదంతా రాసుకుని మొన్న ఆళ్లగడ్డ వెళ్లి ఓబులాచారికి చదివి వినిపించాను. ఆయన పని ఆపకుండానే విన్నాడు. వెంకటలక్ష్మమ్మ తలుపు దగ్గర నిలబడి మధ్యమధ్యలో నవ్వింది. ఆమె నవ్వినప్పుడు మాత్రం ఉలి ఆగింది.

"ఎట్లుంది ఆచారీ?" అన్నాను.

"అబద్ధం."

"ఏది?"

"అంతా. సుంకిరెడ్డి కండ్లు మూసుకోనే ఉన్నాడు. కెమెరాలో ఆ దినం సెల్లులే ల్యావు. నువ్వు మధ్యాన్నం బస్సుకు దిగినావు, అప్పటికే అమ్మ ట్రాక్టరెక్కి పోయింది."

"మరి అమ్మవారు?"

"రాయి తెచ్చినా, చెక్కినా, మొగం బాగుండాదని తీసకపోయినారు. ఇంగేం జరగల్యా సార్."